కమ్మరి సుత్తి ఎవరు చేశారు?

ఈసారి పోస్టు విత్తనం గురించి కాదు, ఎరువు గురించి కాదు, ఇనుము గురించి. కాస్త పొడుగ్గానే ఉంటుంది, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ముందు ఒక ప్రశ్న. మన నాగలి వడ్రంగి చేసేవాడు. ఆ వడ్రంగి ఉలి, బాడిస కమ్మరి చేసేవాడు. మంగలి కత్తి, తాటిచెట్టు గీసే కత్తి, రాయి కొట్టేవాడి గునపం, మన కొడవలి, బొరిగె, పార అన్నీ కమ్మరి కొలిమిలోంచి వచ్చినవే. మరి కమ్మరి సుత్తి ఎవరు చేశారు?

అతనే చేసుకున్నాడండి. ఊళ్ళో చేతిపనుల వాళ్ళలో తన పనిముట్లు తనే పుట్టించుకోగలిగినవాడు కమ్మరి ఒక్కడే. అదీ ఖరీదైన సామాను తెచ్చి కాదు. ఏ కాలంలో ఏ ఇనుము చవగ్గా దొరికితే దాన్నే కాల్చి, సాగదీసి, వంచి తన చేతికి సరిపోయేలా మార్చుకున్నాడు. మన గోదావరి జిల్లాల్లో కొలిమి చరిత్ర అంటే ఈ మార్చుకోవడం చరిత్రే.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మనలో చాలామందికి అనుభవమే కదా. సార్వా కోతల ముందు తుపాను వస్తుంది. పండిన చేను ఒరిగిపోతుంది. నీళ్ళు నిలిచిన మడిలో కోతమిషను దిగదు. చైను మిషను దిగినా గంటల లెక్కన బాడుగ, పైగా గింజ రాలిపోతుంది. అప్పుడు అందరికీ కొడవలి గుర్తొస్తుంది. అటకమీద ఉన్నవి దించితే కక్కు అరిగిపోయి ఉంటాయి. బజారులో కొత్తవి తెస్తే కొన్నిటి పళ్ళు రెండు మూడు రోజులకే మొద్దుబారతాయి. కక్కు కొట్టించాలంటే కొలిమి ఎక్కడుంది? మన చాలా ఊళ్ళలో ఆరిపోయింది. పక్క ఊరికో పట్నానికో పోవాలి. కూలీలు గట్టు మీద కూర్చుంటే మనం కొడవళ్ళ మూట బండికి కట్టుకుని తిరగాలి. చేను మాత్రం ఆగదు కదండీ, నీళ్ళలో ఉన్న కంకి మొలకెత్తుతుంది.

ఇక కథలోకి వద్దాం.

రైలు రాకముందు, సీమ ఇనుము ఓడల్లో దిగకముందు మనకు ఇనుము ఎక్కడిది? మన దేశంలోనే రాతిలోంచి తీసేవారు. మన డెల్టా ఒండ్రునేలలో ఇనప రాయి లేదు కానీ పడమటి మెట్టలో ఉంది. నూజివీడు దగ్గర రమణక్కపేట అని ఊరుంది, ఇప్పుడు ఏలూరు జిల్లాలోది. 1790ల్లో బెంజమిన్ హైన్ అనే కుంపిణీ వైద్యుడు అక్కడికి వెళ్ళి, ఇనుము కరిగించే కొలుములు చూసి వివరంగా రాశాడు. 1814లో లండన్లో అచ్చయిన ఆయన పుస్తకంలో అది ఉంది. అంతకు కొద్ది ఏళ్ళ ముందు సర్కారు జిల్లాల్లో పెద్ద కరువు పడింది. ఆ కరువుకు ముందు ఆ ఊళ్ళో కొలుములు ఇంకా చాలా ఉండేవనీ, పనివాళ్ళు బాగా బతికేవారనీ, తను చూసేనాటికి ఊరు చిక్కిపోయిందనీ ఆయన రాశాడు. కరువు రైతునే కాదు, రైతు మీద బతికే కొలిమినీ ఆర్పేస్తుందని అప్పుడే తేలిపోయింది.

పని ఎలా ఉండేదంటే, మట్టితో నిలువెత్తుకు అటూ ఇటూగా ఒక కొలిమి కట్టేవారు. పైనుంచి బొగ్గు, ఇనప రాయి పొడి వంతులవారీగా పోసేవారు. కింద తోలు తిత్తులతో గంటల తరబడి గాలి కొట్టేవారు. చివరకు అడుగున స్పంజిలాంటి ఇనప ముద్ద మిగిలేది. దాన్ని ఎర్రగా ఉండగానే లాగి సమ్మెటలతో బాదితే మలినం చిట్టెంగా రాలిపోయి ఇనుము గట్టిపడేది. ఇలాంటి ఇనుము మెత్తన. కొడితే సాగుతుంది, విరగదు, కానీ పదును నిలవదు.

పదును నిలవాలంటే ఉక్కు కావాలి. ఉక్కు తయారీలో మన తెలుగు నేలకు ప్రపంచంలోనే పేరుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూతివేసి, గంటల తరబడి కాల్చి ఉక్కు తీసేవారు. 1820 ప్రాంతంలో వాయిసీ అనే ఇంగ్లీషు అధికారి అక్కడికి వెళ్తే, పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకులు కనబడ్డారు. అంత దూరం నుంచి ఉక్కు కోసం వచ్చేవారన్నమాట. ఇంగ్లీషు వాళ్ళు ‘ఊట్జ్’ అని పుస్తకాల్లో రాసుకున్న మాట మన ‘ఉక్కు’ నుంచి పోయిందే అంటారు.

ఉక్కు ఖరీదు. మెత్తని ఇనుము చవక. ఇలాంటి చోట ప్రపంచమంతా కమ్మరులు ఒకటే కిటుకు వాడారు. గొడ్డలి మొత్తం ఉక్కుతో చేయకుండా, ఒళ్ళంతా చవక ఇనుముతో చేసి అంచుకు మాత్రం చిన్న ఉక్కు ముక్క కాల్చి అతికించారు. చవక సరుకును ఎక్కడ అవసరమో అక్కడ మాత్రం మంచిగా మార్చడం అనే తెలివి అప్పటిదే.

ఇప్పుడు డెల్టాలోకి, నరసాపురం రేవుకి రండి. 1670ల్లో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు మన తీరంలో తిరిగాడు. నరసాపురం పక్కనే మాధవాయిపాలెం ఉంది కదా, ఇంగ్లీషు వాళ్ళు ‘మాడపోలం’ అనేవారు. అక్కడ సముద్రానికి పోయే ఓడలు కట్టడం ఆయన చూశాడు. మంచి కలప, మంచి ఇనుము, మంచి పనివాళ్ళు మూడూ ఒకే చోట దొరుకుతాయనీ, మేకులు, బోల్టులు, లంగర్లు ఇక్కడి వాళ్ళే నేర్పుగా చేస్తారనీ రాశాడు. ఒక్కసారి ఆలోచించండి. ఓడ లంగరు అంటే కొడవలి కాదు. మనిషి ఎత్తలేని ఇనుమును కాల్చి, తిప్పి, అతికించాలి. దానికి సరిపడే పటకార్లు, సమ్మెటలు, దాగళ్ళు ఏ అంగడిలో అమ్ముతారు? ఆ పనికి తగ్గట్టు ఆ కమ్మరులే చేసుకుని ఉండాలి. మన గోదావరి ఒడ్డున పుట్టిన ఓడలు బంగాళాఖాతం దాటింది ఆ మేకుల బలంతోనే.

ఊళ్ళలో సంగతి వేరు. అక్కడ కమ్మరికి డబ్బు ఇచ్చేవారు కాదు, మేర ఇచ్చేవారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఇన్ని కుంచాలని వేరుగా పోసేవారు. దానికి బదులు ఏడాదంతా పని. తొలకరి ముందు నాగలి కర్రు సాగదీయాలి. కోతల ముందు కొడవళ్ళకు కక్కు కొట్టాలి. మధ్యలో గునపాలకు మొనలు పెట్టాలి, బండి చక్రాలకు పట్టా ఎక్కించాలి. పట్టా ఎక్కించడం చూసినవాళ్ళు మీలో ఇంకా ఉంటారు. పిడకల మంటలో పట్టా ఎర్రబడ్డాక నలుగురు నాలుగు పటకార్లతో ఎత్తి చక్రానికి దించడం, వెంటనే నీళ్ళు పొయ్యడం, చుయ్యిమని ఆవిరి లేచి పట్టా బిగుసుకోవడం. ఇనుము వేడికి పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది అనే పాఠం చాలామంది బడిలో కాదు, అక్కడే నేర్చుకున్నారు.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. కొలిమిలో మగవాడి పేరే వినిపిస్తుంది గానీ తిత్తి లాగింది, ఎదురు నిలబడి సమ్మెట వేసింది చాలా ఇళ్ళలో ఆ ఇంటి ఆడవాళ్ళే. కర్రు సాగడంలో ఆవిడ చెమట సగం. మేర మాత్రం ఒక్కటే. పంట పోతే ఆ ఒక్కటీ ఉండేది కాదు.

1847లో ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైంది. కాటన్ దొర గురించి మనకు చెప్పక్కర్లేదు, ఊరూరా విగ్రహాలున్నాయి. కానీ ఆ పని లెక్కల్లో ఒక అంకె మీద మన చూపు పడదు. పదివేల మంది కూలీలతో పాటు 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మరులు అక్కడ చేరారని రాశారు. 500 కొలుములవాళ్ళు ఒక్కచోట! ఎందుకంత మంది? ధవళేశ్వరం కొండ రాయిని కొట్టాలి. రాయి మీద ఉలి, గునపం మొన ఎంతసేపు ఉంటుంది? పూట గడవకముందే మొద్దుబారుతుంది. మళ్ళీ కాల్చాలి, మొన తీయాలి, పదును పెట్టాలి. రాయి కొట్టేవాడి వెనక కమ్మరి లేకపోతే మధ్యాహ్నానికి పని ఆగిపోతుంది. ఆ రాయిని మోయడానికి వేసిన పట్టాల దారి, బండ్లు, తర్వాత కాలవల మీద లాకుల తలుపులు, వాటి గొలుసులు అన్నిటికీ ఇనప పనే. 1852లో ఆనకట్ట పూర్తయింది. మన పొలానికి నీరొచ్చిన కథలో ఆ 500 మందికి వాటా ఉంది. వాళ్ళ పేర్లు మాత్రం మనదగ్గర లేవు.

ఆనకట్టతో పాటు ధవళేశ్వరంలో వర్క్‌షాపులు లేచాయి. సీమ నుంచి పోత దాగళ్ళు, వైసులు, ఆకురాళ్ళు వచ్చాయి. కడ్డీలుగా సాగదీసిన ఇనుము ఓడల్లో చవగ్గా దిగింది. ఆ చవక ఇనుము ముందు మన మట్టి కొలుములు నిలబడలేకపోయాయి. రాతిలోంచి ఇనుము తీసే విద్య ఆ వందేళ్ళలో దాదాపు పోయింది. ఊరి కమ్మరి మాత్రం పోలేదు. ఎందుకంటే ఇనుము ఎక్కడి నుంచి వచ్చినా దాన్ని కాల్చి మన చేతికి తగ్గట్టు చేసేవాడు ఊళ్ళోనే ఉండాలి. కమ్మరి రాయి వదిలి కడ్డీ పట్టుకున్నాడు. కొలిమి రంగు చూసే కన్ను మాత్రం వదల్లేదు.

తర్వాత రైలు. 1890ల్లో మన వైపు పట్టాలు పడ్డాయి. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద 56 ఖానాల హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. రైలుతో పాటు కమ్మరికి కొత్త దాగలి వచ్చింది. పోత దాగలి కొనాలంటే కమ్మరి తరం కాదు. తీసేసిన పాత పట్టా ముక్క అయితే తూకం లెక్కన వస్తుంది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, మీటరుకు 52 కిలోల పట్టా అయితే అడుగు ముక్క దాదాపు 16 కిలోలు, 60 కిలోల పట్టా అయితే 18. పైన నునుపు, అడుగున వెడల్పు, ఒళ్ళంతా గట్టి ఉక్కు. దాన్ని తుమ్మ మొద్దులో దిగ్గొట్టి నాలుగు మేకులు కొడితే దాగలి తయారు.

ఇందులో ఒక తెలివి ఉందండి. పట్టాను పడుకోబెట్టి కొడితే మధ్యలో ఉన్న సన్నని నడుము దెబ్బకు కదులుతుంది, మోత మోగుతుంది. అదే ముక్కను నిలువుగా నిలబెట్టి మొద్దులో దిగేస్తే బరువంతా సరిగ్గా సుత్తి కింద ఉంటుంది. పైన జాగా చిన్నదే కానీ దెబ్బ వృథా పోదు. కొడవలి, కత్తి లాంటి చిన్న పనికి అంత జాగా చాలు. ఒక చివర కొమ్ములా చెక్కితే వంపులు తిప్పుకోవచ్చు.

పట్టా ఉక్కు ఎంత విలువైందో చెప్పే సంగతి మన కోనసీమ దారిలోనే ఉంది. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు దారి వేశారు. 1940లో యుద్ధం కోసమని ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ 2004లో గానీ ఆ దారిలో రైలు రాలేదు. ఒక ప్రాంతానికి రైలే లేకుండా చేసినా ఫర్వాలేదు, పట్టా ఇనుము కావాలి అనిపించిన రోజులవి. అన్నట్టు, పట్టా ముక్క కావాలంటే పాత ఇనుము కొట్లో రసీదుతో కొనండి. రైలు ఆస్తి దొంగగా ఉంచుకుంటే 1966 చట్టం కింద జైలు ఉంది.

తర్వాత లారీలు, ట్రాక్టర్లు. కమ్మరి కన్ను లారీ కమాను మీద పడింది. విరిగిన కమాను పట్టీ లారీ వాడికి చెత్త, కమ్మరికి బంగారం. కారణం కార్బన్. స్లాబు ఊచలో కార్బన్ 0.3 శాతం లోపే ఉంటుంది, అందుకే వంగుతుంది గానీ పదును నిలవదు. కమాను పట్టీలో సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. కోనసముద్రంలో గంటల తరబడి మూసలు కాల్చి సాధించిన గుణానికి దగ్గరి గుణం ఇవాళ మన ఊరి మెకానిక్ షెడ్డు వెనక గడ్డిలో తుప్పు పడుతోంది. మీ రోటావేటరు అరిగిన బ్లేళ్ళు, విరిగిన హాఫ్ యాక్సిల్, డిస్కు పళ్ళేలు, షాకు చుట్టల స్ప్రింగులు చాలావరకు ఆ జాతివే.

మరి ఇంత ఇనుము చేతికందే కాలంలో కొలిమి ఎందుకు ఆరిపోయింది? ఇనుము లేక కాదు. పని లేక. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, కర్రు పని పోయింది. బండికి రబ్బరు టైరు వచ్చింది, పట్టా పని పోయింది. కోతమిషను వచ్చింది, కక్కు పని పోయింది. కళ్ళమే పోయాక మేర ఎక్కడిది? మిగిలిన కమ్మరి కొడుకు వెల్డింగు షాపు పెట్టాడు, గేట్లు చేస్తున్నాడు. తప్పేం లేదు, ఇల్లు గడవాలి. కానీ వెల్డింగు వేరు, పదును పెట్టడం వేరు. అతికించడం ఎవరైనా నేర్పుతారు. ఎర్రటి ఇనుము రంగు చూసి ‘ఇప్పుడు ముంచు’ అని చెప్పే కన్ను పుస్తకంలో రాదు.

అందుకే చెబుతున్నా. కొలిమి మళ్ళీ వెలిగించడానికి లక్షలు అక్కర్లేదు. మన పెద్ద కమ్మరులు చేసినట్టే చవక సామాన్లను మార్చుకుంటే చాలు. ఎలాగో క్లుప్తంగా చెబుతాను.

కొలిమి: పాత లారీ బ్రేకు డ్రమ్ము పొయ్యి. అడుగున బెజ్జాలున్న పళ్ళెం, దానికింద ఇనప గొట్టం. గాలికి చిన్న బ్లోయరు, కరెంటు లేకపోతే సైకిలు రిమ్ముకు బెల్టు వేసి చేత్తో తిప్పే పంకా. బొగ్గు మనకు కొదవా? కోనసీమ కొబ్బరి చిప్పల బొగ్గు మంచి వేడినిస్తుంది.

సుత్తి: బజారులో దొరికే కిలో సుత్తి చాలు. కానీ కొన్నది కొన్నట్టు వాడితే దాని ముఖం అంచులు ఇనుము మీద గాట్లు పెడతాయి. ఆ గాట్ల దగ్గరే తర్వాత విరుగుతుంది. గ్రైండరుతో అంచులు గుండ్రం చేసి, ముఖం మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బు ఉంచి నునుపు చెయ్యండి. రెండో తల అడ్డంగా మొద్దు అంచులా చెక్కితే ఇనుము మనం కోరిన వైపే సాగుతుంది. కొట్టు కర్ర తీసేసి తుమ్మ పిడి మీ చేతికొలతకు చెక్కించుకోండి.

పటకారు: మొదటి పటకారు రెండు ఊచ ముక్కలు, ఒక శీలతో అయిపోతుంది. దీనికి మెత్తని ఇనుమే మంచిది. గట్టి ఉక్కు అయితే ఎర్రబడ్డాక నీళ్ళలో ముంచినప్పుడు పెళుసెక్కి విరుగుతుంది. లేదా పాత మేకులు పీకే కటింగు పట్టకారు తెచ్చి, నోరు కాల్చి మీ ఇనుము మందానికి తెరిచి, పిడులు పొడుగు చేసుకోండి. నోరు ఇనుమును పూర్తిగా పట్టాలి. పట్టు జారితే ఎర్రటి ముక్క కాలిమీద పడుతుంది.

ఉలి, బెజ్జం పొడిచే మేకు: షాకు స్ప్రింగు చుట్ట విప్పి ముక్కలు చేసుకుంటే ఒక్క స్ప్రింగులో అరడజను వస్తాయి. తలమీద మాత్రం పదును పెట్టకండి. తల గట్టిగా ఉంటే సుత్తి దెబ్బకు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

ఇనుము జాతి తెలియకపోతే గ్రైండరు మీద పెట్టి నిప్పురవ్వలు చూడండి. మెత్తని ఇనుము రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. కార్బన్ ఎక్కువైతే రవ్వలు చివర తారాజువ్వలా చిట్లుతాయి. అది కూడా చాలకపోతే చిన్న ముక్క కాల్చి ముంచి, చల్లారాక సుత్తితో కొట్టి చూడండి. గాజులా పుటుక్కున విరిగితే ఉక్కే.

పదును: ఇదీ అసలు విద్య. కమాను ఉక్కును ఎర్రగా కాల్చి అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే ఇంకా చాలదు. అంటుకోవడం మానేశాక ఇంకొంచెం, కనకాంబరం రంగుకు దగ్గర పడేదాకా కాల్చి నూనెలో ముంచండి. నీళ్ళలో ముంచితే చాలాసార్లు బీటలిస్తుంది. ఇప్పుడది గట్టిదే, కానీ పెళుసు. ఒక పక్క ఆకురాయితో మెరిసేలా రుద్ది, నిప్పుకు దూరంగా నెమ్మదిగా వేడి చెయ్యండి. ఆ మెరుపు మీద రంగులు పరుగెడతాయి. ముందు ఎండుగడ్డి రంగు, సుమారు 220 డిగ్రీలు. తర్వాత తేనె రంగు, 250. తర్వాత వంకాయ రంగు, 280. తర్వాత నెమలికంఠం నీలం, 300 దగ్గర. కత్తికి, కొడవలికి తేనె రంగు దగ్గర ఆపెయ్యండి. దెబ్బ తినే గునపానికి, పారకు వంకాయ, నీలం దాకా పోనివ్వండి. కొడవలి కక్కు ఎప్పుడూ ఇనుము మెత్తగా ఉన్నప్పుడే ఉలితో కొట్టి, ఆ తర్వాతే పదును పెట్టాలి. థర్మామీటరు లేని రోజుల్లో మన కమ్మరులు కొలిమిని చీకటి మూలన పెట్టుకున్నది కాలిన ఇనుము ఎరుపు సరిగ్గా కనబడటానికే.

జాగ్రత్తలు మూడే మూడు, కానీ ప్రాణానికి సంబంధించినవి. తెల్లగా మెరిసే జింకు పూత ఉన్న గొట్టాలు, రేకులు కొలిమిలో పెట్టకండి, ఆ పొగ ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది. రెండు పక్కలా మూసి ఉన్న గొట్టం, షాకబ్జార్బరు ఎప్పుడూ కాల్చకండి, పేలుతుంది. గ్రైండరు పట్టినా సుత్తి పట్టినా కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇదంతా చదివి ప్రతి రైతూ కమ్మరి అయిపోవాలని నా మాట కాదు. కన్ను కుదరడానికి ఏళ్ళు పడుతుంది. నా మాట ఏంటంటే, ఊరికో, రెండు మూడు ఊళ్ళకు కలిపో ఒక కొలిమి ఉండాలి. ఆ కన్నున్న పెద్దాయన ఇంకా బతికున్న ఊళ్ళు మనకు ఉన్నాయి. ఆయనకు ఓపిక లేదు, ఆయన కొడుక్కి వెల్డింగు షాపు ఉంది. మన షెడ్లలో ఇనుము ఉంది. ఈ మూడూ ఒకచోట కలపాలి, అంతే.

డబ్బు సంగతికి వస్తే, కేంద్రం 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకం పెట్టింది. అందులో 18 చేతిపనులు ఉన్నాయి. కమ్మరి పని ఒకటి. తమాషా ఏంటంటే సుత్తులు, పనిముట్లు చేసేవారిని వేరే పనిగా లెక్కపెట్టారు. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు. నమోదు ఇంకా జరుగుతోందో లేదో కామన్ సర్వీస్ సెంటర్లో కనుక్కోండి. మీ ఊరి కమ్మరి కుటుంబానికి ఈ సంగతి తెలుసో లేదో ఒకసారి అడగండి. తెలియకపోతే మీరే బండెక్కించి తీసుకెళ్ళండి. ఇన్నేళ్ళు ఆయన మనకు కక్కు కొట్టాడు.

ఇంకో మాట. మేర పోయింది, మంచిదే, అది దయతో కొలిచి ఇచ్చేది. దాని బదులు నలుగురు రైతులు కలిసి ఏడాదికి ఇంత అని ముందే డబ్బు కట్టి, కొడవళ్ళు, గునపాలు, కొబ్బరికాయ ఒలిచే గునపాలు, బొరిగెలు అన్నీ ఒకే కొలిమికి ఇస్తే ఆ ఇంటికి నమ్మకం ఉంటుంది. కోతలప్పుడు వెతుక్కునే బాధ మనకు ఉండదు. పని ఉంటే కొలిమి వెలుగుతుంది. ధవళేశ్వరం దగ్గర 500 మంది చేరింది పని ఉండబట్టే కదా.

ఈ దాళ్వా ఊడ్పులు అయ్యాక కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు మీ ఊరి పెద్ద కమ్మరి దగ్గరికి వెళ్ళి కూర్చోండి. అరిగిన రోటావేటరు బ్లేడు ఒకటి పట్టుకెళ్ళి, ‘బాబాయ్, దీంతో బొరిగె చేసిపెట్టు’ అనండి. పక్కన వెల్డింగు కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టండి. ఏ రంగు దగ్గర ముంచాడో, ఏ రంగు దగ్గర ఆపాడో ఆ కుర్రాడు చూడాలి, మీరు ఫోన్లో తీసుకోండి. ఆయన వాడే సుత్తి ఎవరు చేశారో కూడా అడగండి. వాళ్ళ నాన్నో, తాతో అని చెబుతాడు, ఏ ఇనుముతో చేశారో కూడా చెబుతాడు. ఆ సంగతి ఇక్కడ రాయండి, మిగతా ఊళ్ళవాళ్ళం చదువుకుంటాం.

ఉంటానండి.